వెచ్చని తటస్థం

ఆదివారం సాయంత్రానికి
గది గోడల మీద ఏడు చదరాలు.
ఆరు కిటికీ పక్కన,
చోటు చాలక ఏడోది తలుపు వెనక.
దూరంగా నిలబడితే అన్నీ ఒకటే,
దగ్గరికెళితే
ఏ రెండింటికీ మాటల్లేవు.

బాలరాట్‌లో జూలై.
కిటికీ అద్దానికి బయట మంచు, లోపల చెమట.
ఈ గది దక్షిణం వైపుంది.
ఇక్కడ సూర్యుడు ఉత్తరం పక్కనే నడుస్తాడు కనుక
దీనికి ఎండ మొహం తెలీదు.
నాకు తెలిసిన దిక్కులన్నీ ఈ దేశంలో
చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టుంటాయి.

రంగుల కొట్లో గ్లెన్ అన్నాడు:
"చలి గదికి చల్లని తెలుపు వెయ్యకు, మార్చురీలా ఉంటుంది.
వెచ్చని న్యూట్రల్ తీసుకో."
అట్టముక్కల్ని పేకాటలోలా పరిచాడు.

న్యూట్రల్ అనగానే నాకు డెనీస్ గుర్తొచ్చింది.
మా ఇద్దరి మధ్యా బల్ల,
బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా,
ఎటూ మొగ్గకుండా కూర్చున్న మధ్యవర్తి.
వకుళ సోమవారం ఎక్కడ, శుక్రవారం ఎక్కడ,
సరి సంవత్సరాల్లో పుట్టినరోజు ఎవరి దగ్గర,
అన్నీ ఒకే గొంతుతో చదివింది.
తటస్థం వెచ్చగా కూడా ఉంటుందని
అప్పుడెవరూ చెప్పలేదు.

వకుళకి తొమ్మిదేళ్ళు.
అట్టల వెనకున్న పేర్లు నచ్చక
పెన్సిలుతో కొట్టేసి తనే పెట్టింది:
ఇది జీడిపప్పు, వేయించకముందు.
ఇది వేయించాక,
నువ్వు ఫోన్ చూసుకుంటూ వేయిస్తే కాదు.
ఇది ఉప్మా.
ఇది అమ్మ చెవి వెనకాల.
ఇది కుక్కపిల్ల పొట్ట, మనకో కుక్కపిల్ల ఉంటే.

నేను మీగడ దగ్గర ఆగాను.
మీగడలో గులాబి దాగుందని
రాత్రి బల్బు వేశాకగానీ తెలీలేదు.
ఉప్మాలో పొద్దుటిపూట కాస్త పచ్చ.
ఏ తెలుపూ ఒట్టి తెలుపు కాదు,
అడుగున ఒక మాట దాచుకునే ఉంటుంది.
ఆఫీసుకు వెళ్ళేముందొకసారి, వచ్చాకొకసారి,
నిద్రపట్టనప్పుడొకసారి చూశాను.
పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు చూడలేదు.

శుక్రవారం బ్యాగు దింపి
చేతులు కట్టుకుని గోడ ముందు నిలబడింది.
"అక్కడి రంగే వేద్దామా నాన్నా?
రాత్రి మెలకువొస్తే
ఏ ఇంట్లో ఉన్నానో వెతుక్కోనక్కర్లేదు."

అక్కడి రంగు నాకు తెలీదు.
పద్నాలుగు నెలలుగా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాను.
అక్కణ్ణుంచి కనిపించేవి
కాళ్ళు తుడుచుకునే పట్టా, గొడుగుల స్టాండు.

ఫోన్ తీసి టైపు చేశాను, చెరిపాను, మళ్ళీ చేశాను.
"వకుళ గదికి ఏం రంగేశావు?"
లాయర్లు లేకుండా, తేదీలు లేకుండా
ఆమెకు పంపిన మొదటి ప్రశ్న.
పావుగంటకి డబ్బా మూత ఫొటో వచ్చింది:
అంచున ఎండిన చుక్కలు, ఒక నంబరు,
మూలన తన బొటనవేలు.
కింద ఒక్క లైను:
"రెండు కోట్లు చాలవు."
అది డబ్బు గురించి కాదని అర్థం కావడానికి
నాకో క్షణం పట్టింది.

మూడు కోట్లేశాను.
అదే నంబరు, అదే కంపెనీ,
గ్లెన్ మిషన్లో నా ముందే గిలక్కొట్టి ఇచ్చిందే.
కానీ ఈ గోడ మీద ఇంకోలా ఉంది.
అక్కడ తేనెలా ఉంటుందట,
ఇక్కడ చల్లారిన టీ.
ఎండ తాగిన గోడా, ఎండ ఎరగని గోడా
ఒకే రంగుని ఒకే యాసలో పలకవు.

"సేమ్ కాదు," అంది వకుళ,
చెంప ఆనించబోయి, తడి గుర్తొచ్చి ఆగి.
నేనేదో సర్దిచెప్పబోయాను,
బల్బు మార్చొచ్చనీ, పసుపు కర్టెన్లు కొనొచ్చనీ.
"ఉండనీ నాన్నా. కజిన్స్‌లా ఉన్నాయి."

ఆరు చదరాలు ఆ రంగు కిందికి వెళ్ళిపోయాయి.
తలుపు వెనకున్న ఉప్మాని మాత్రం
బ్రష్ పట్టుకున్న నా మణికట్టు లాగి మరీ
వదిలేయించింది.
తలుపు తీసి ఉన్నంతసేపూ
అది కనబడదు.